వేదవతి గారి ఎముకలు, కామేశ్వరమ్మ గారి సున్నం

రాజమండ్రిలో ఎముకల డాక్టరు గారి గది బయట నా వంతు కోసం కూర్చున్నాను. నడుం నొప్పి అని వెళ్తే స్కాన్ తీయించి, ఎముకలు పలచబడ్డాయని ఒక కాగితం చేతిలో పెట్టారు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసుకుంటుంటే, పక్క కుర్చీలో ఉన్న పెద్దావిడ బొడ్లో దోపుకున్న గుడ్డసంచీ విప్పి ఇత్తడి సున్నపుకాయ బయటికి తీసింది. మూత తియ్యగానే తడి సున్నం వాసన. కొత్తగా వెల్ల వేసిన గది తలుపు తెరిస్తే వస్తుందే, ఆ వాసన. నర్సు చూసి, "ఇక్కడ ఉమ్మకూడదు మామ్మగారూ" అంది. "ఉమ్మనమ్మా, మింగేస్తాను" అందావిడ తాపీగా, తమలపాకుకి వేలితో సున్నం రాస్తూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. వేదవతి గారు పోయి ఇన్నేళ్ళయినా ఈ వాసన తగిలితే చాలు, నా బుర్రలో అదే ప్రశ్న మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. మంచం మీద ఉన్నన్నాళ్ళూ ఆవిడ ఎముకలు కరిగాయా, లేదా? ఆ రోజు ఆవిడ లేవడం మంచిదైందా, కాలేదా? ఇలాంటివి కొలవడమే నా ఉద్యోగం, నాకు మాత్రం ఇది తేలలేదు.

వేదవతి గారు రాజమండ్రిలో నా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ మేడం. ఉండేది కొవ్వూరులో. పెళ్ళి చేసుకోలేదు. భర్త పోయిన అక్క కామేశ్వరమ్మ గారు, ఆవిడ, ఇద్దరే ఆ ఇంట్లో. రోజూ వంతెన దాటి వచ్చి, వంతెన దాటి వెళ్ళేవారు. సన్నగా, నిటారుగా ఉండేవారు. నేత చీర కుచ్చిళ్ళు సాయంత్రం దాకా చెదిరేవి కావు. ఆవిడంటే మాకు భయం. ఆ భయం తిడతారని కాదు. తప్పు చేసినవాళ్ళని ఆవిడ పెద్దగా ఏమీ అనేవారు కాదు, చక్కగా చేసినవాళ్ళనే పట్టుకునేవారు. లెక్క చుక్క తేడా లేకుండా వచ్చిందనుకోండి, కళ్ళజోడు ముక్కు మీదికి దించి, "ఇంత అందంగా ఎలా వచ్చిందే అమ్మాయ్?" అనేవారు. మెచ్చుకుంటున్నారో దెబ్బేస్తున్నారో తెలియక మేం బిక్కమొహం వేసేవాళ్ళం. డిగ్రీ పూర్తయ్యేనాటికి కూడా నాకు ఆ రెండిటికీ తేడా తెలియలేదు.

నీళ్ళలో కాల్షియం ఎంతుందో కొలిచే ప్రయోగం ఒకటుంది. బ్యూరెట్ లోంచి మందు చుక్కచుక్కగా పడుతుంటే, ద్రాక్షరంగు నీళ్ళు చటుక్కున నీలంగా మారిపోతాయి. గోదావరి నీళ్ళు ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకోవాలన్నారు మేడం. తెచ్చాం. అందరికీ ఇంచుమించు ఒకే లెక్క వచ్చింది, నాకు ఎక్కువొచ్చింది. పక్కన ఉన్న పిల్ల నా చెవిలో, "దిద్దేసెయ్యవే, ఎవరు చూడొచ్చారు" అంది. దిద్దుదామనుకునేలోపే మేడం వచ్చి నిలబడ్డారు. "ఎక్కువొచ్చిందా? బావుంది, ఎందుకొచ్చిందో చెప్పు" అన్నారు. తెలియదన్నాను. "నీళ్ళు ఎక్కడివి?" గోదావరివేనండి. "సీసా దేంతో కడిగావ్?" మా పెరట్లో బోరు నీళ్ళతోనండి. ఆవిడ మొహం వెలిగిపోయింది. "అదీ. సీసా అడుగున మిగిలిన నీళ్ళని మనం నీళ్ళ కింద లెక్కెయ్యం. అవి మాత్రం మనల్ని లెక్క చెయ్యకుండా ఊరుకుంటాయా?" అన్నారు. క్లాసంతా నవ్వింది. నాకు సిగ్గేసింది. కానీ ఆ రోజు ఇంటికెళ్తూ రైలు కిటికీలోంచి గోదావరిని చూస్తుంటే, జీవితంలో ఇలాంటి పనే చెయ్యాలనిపించింది. ఎందుకనిపించిందో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.

చదువయ్యాక హైదరాబాద్‌లో ఒక ప్రయోగశాలలో చేరాను. అక్కడ రాళ్ళ వయసు కడతారు. గది నిండా ఉండే ఒక మెషీన్ పరమాణువుల్ని బరువు ప్రకారం వేరు చేసి లెక్కపెడుతుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా కొవ్వూరు వెళ్ళి మేడంకి ఆ కబుర్లు చెప్పేదాన్ని. ఒకసారి కాల్షియం సంగతి వచ్చింది. కాల్షియం అంతా ఒకటే బరువు కాదు, తేలికవీ ఉంటాయి, బరువైనవీ ఉంటాయి. ఒంట్లో ఎముక కట్టుకునేటప్పుడు తేలిక కాల్షియాన్నే ఎక్కువగా లాక్కుంటుంది. ఎముక కరిగితే ఆ తేలికది తిరిగి రక్తంలోకొచ్చి, మూత్రంలో బయటికి పోతుంది. కాబట్టి మూత్రంలో తేలికదీ బరువైనదీ ఏ పాళ్ళలో ఉన్నాయో చూస్తే ఎముక పెరుగుతోందో తరుగుతోందో తెలియాలి. మందు మింగక్కర్లేదు, ఎక్స్‌రే అక్కర్లేదు. విదేశాల్లో కొందరు ఈ దారిలో పని చేస్తున్నారని చదివాను, అదే చెప్పాను. మేడం నవ్వి, "అంటే మన కూరగాయల బండి దగ్గర మా అక్క లాంటిదన్నమాట ఎముక. లేత వంకాయలన్నీ అదే ఏరుకుపోతుంది, ముదురువి బండి మీద మిగులుతాయి. బండి మీద మళ్ళీ లేతవి కనబడ్డాయంటే అక్క సంచీ ఒలికినట్టు" అన్నారు. లోపల్నుంచి కామేశ్వరమ్మ గారు, "నా ఊసెందుకు మీకు?" అన్నారు. ఆ మాటలు సరదాగా అనుకున్నవే. అవి అంత తొందరగా అవసరం పడతాయని ఎవరనుకుంటారు?

రిటైరైన ఏడాదే మేడం పెరట్లో కొళాయి దగ్గర నాచు మీద జారి పడ్డారు. వెన్నుపూస ఒకటి నలిగింది. డాక్టరు గారు మంచం దిగడానికి వీల్లేదన్నారు, నెలల తరబడి. నేను చూడ్డానికి వెళ్ళేసరికి ఆవిడ వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్నారు. అంత నిటారు మనిషి అలా పడుండడం చూసి నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మాత్రం ఏడవలేదు. "మా అమ్మా ఇలాగే పడింది పద్మా. డాక్టర్లు పడుకోమన్నారు, పడుకుంది. ఎముక అతుక్కుంది గానీ మనిషి లేవలేదు. పడుకుని పడుకుని ఉన్న ఎముక కాస్తా పోయిందన్నారు తర్వాత. ఇప్పుడు నన్నూ పడుకోమంటున్నారు. లేస్తే పూస కూలిపోతుందంటారు. లేవకపోతే ఎముకే పోతుంది. ఏది ముందో నాకెవరు చెప్తారు?" అన్నారు. స్కాన్ ఉంది కదా మేడం అన్నాను. "స్కాన్‌లో తేడా కనబడేసరికి నెలలు పడుతుందట. అప్పటికి పోవాల్సింది పోతుంది" అని, నా వైపు తల తిప్పారు. "మీ మెషీన్‌కి వారాలు చాలుతాయన్నావు కదూ?"

మా సార్‌ని బతిమాలాను. రాళ్ళు కొలిచే మెషీన్‌లో ఇదేం పనమ్మా అని ఆయన ముక్కున వేలేసుకున్నారు గానీ, చివరికి సెలవు రోజుల్లో చేసుకోమన్నారు. పడ్డ కొత్తల్లో ఒకసారి, కొన్ని వారాలయ్యాక ఒకసారి సీసాలు పట్టుకెళ్ళాను. వాటిని గుడ్డలో చుట్టి బుట్టలో పెట్టుకుంటే, రైల్లో ఎదుటి సీటాయన, "ఏంటండీ, ఇప్పనూనా?" అని అడిగాడు. కాదండీ, పరీక్షకండీ అన్నాను. ఆయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. కొలవబోయే ముందే మేడంని తిండి సంగతంతా అడిగాను. ఎందుకంటే తినే కాల్షియం మారితే మూత్రంలో లెక్కా మారుతుంది. అన్నం, పప్పు, కూరలు, మజ్జిగ, ఎప్పటిలాగే అన్నారు. పాలెక్కువైందా? లేదు. బిళ్ళలు? కడుపులో మంటని పడకముందే మానేశారు. ఏమీ మారలేదన్నమాట. నేను నిశ్చింతగా పని మొదలుపెట్టాను.

మొదటిదాని కంటే రెండోది తేలికవుతుందనీ, ఎముక కరుగుతోందని చెప్పాల్సి వస్తుందనీ భయపడుతూనే ఉన్నాను. తీరా చూస్తే రెండోది బరువెక్కింది. మళ్ళీ కొలిచాను, మళ్ళీ అంతే. నాకు కాళ్ళు నేల మీద ఆగలేదు. పరిగెత్తుకెళ్ళి ఫోన్ చేశాను. "మేడం, మీ ఎముక పోవడం లేదండి! కట్టుకుంటోంది కూడానేమో. హాయిగా పడుకోండి, డాక్టరు గారు చెప్పినట్టే." ఆవిడ సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ నెమ్మదిగా, "అరవై దాటినదాన్ని. వారాల తరబడి మంచం మీద పడున్నదాన్ని. నాకు ఎముక కట్టుకుంటోందా?" అన్నారు. ఔనండి అన్నాను. "ఇంత అందంగా ఎలా వచ్చిందే అమ్మాయ్?" అన్నారు. నా ప్రాణం ఉసూరుమంది. కోపం కూడా వచ్చింది, నిజం చెప్పొద్దూ. మంచి మాట చెప్తే తీసుకోరేం ఈవిడ అనుకున్నాను. ఆ వారమే రైలెక్కాను.

కొవ్వూరు వెళ్ళి మంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, మళ్ళీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాను. పొద్దున ఏంటండీ, మధ్యాహ్నం ఏంటండీ, బియ్యం మారాయా, పాలవాడు మారాడా, నీళ్ళు బోరువా, కొళాయివా. మేడం ఒక్కొక్కటే చెప్తున్నారు. ఈలోగా కామేశ్వరమ్మ గారు పళ్ళెంతో వచ్చారు. తమలపాకుల ఈనెలు తీసి, సున్నం రాసి, వక్కపలుకు పెట్టి, మడిచి చెల్లెలి నోట్లో పెట్టారు. నాకూ ఒకటిచ్చారు. వేసుకున్నాను. మేడం నములుతూనే, "పెరుగు ఇంట్లో తోడుపెట్టిందే, దాంట్లో తేడా ఏమీ..." అంటూ ఆగిపోయారు. దవడలు ఆగిపోయాయి. కళ్ళు పళ్ళెంలో సున్నపుకాయ మీద నిలబడ్డాయి. నేనూ అటు చూశాను. నా నోట్లోనూ అదే ఉంది. ఇద్దరం నోటి నిండా తాంబూలంతో ఒకళ్ళనొకళ్ళం చూసుకున్నాం. కామేశ్వరమ్మ గారు హడలిపోయి, "ఏంటే వేదా, పోక పట్టేసిందా?" అన్నారు.

మేడం నవ్వడం మొదలుపెట్టారు. నవ్వితే నడుం నొప్పి, అయినా ఆపుకోలేకపోయారు. "అక్కా, ఇది ఎప్పట్నుంచి పెడుతున్నావే నాకు?" అంటే, కామేశ్వరమ్మ గారు, "పడ్డ పది పదిహేను రోజుల నుంచీ. నీ పిక్కలు చిక్కిపోతుంటే చూడలేక. మంచాన ఉన్న ఆడదానికి బాలింతకి పెట్టినట్టే పెట్టాలి. నడుం గట్టిపడుతుంది. పూటకి రెండు, సున్నం కాస్త ఎక్కువే రాస్తున్నా. నువ్వు ఉమ్మవు కూడానూ" అన్నారు. అంటే నా మొదటి సీసాకీ రెండో సీసాకీ మధ్యలో ఈ సున్నం వచ్చి చేరింది. ఉప్పాడ వైపు నుంచి వచ్చే గుల్ల కాల్చి చేసిన సున్నం. సముద్రపు కాల్షియం. మజ్జిగ కాల్షియానికి ఉన్న బరువే దీనికీ ఉంటుందని ఎవరు చెప్పారు? మేడం ఏళ్ళ తరబడి సున్నపు నీళ్ళ పాఠం చెప్పిన మనిషి. నేను కాల్షియంతో బతుకుతున్న మనిషిని. మా ఇద్దరికీ తోచలేదు. ఏం తిన్నారంటే మా వైపు తాంబూలం ఎవరు చెప్తారండీ? భోజనం అయిపోయిందనడానికి గుర్తు అది, భోజనంలో భాగం కాదు. "సీసా అడుగున నీళ్ళు" అన్నారు మేడం, కళ్ళు తుడుచుకుంటూ.

ఆ సున్నం కొంచెం పొట్లం కట్టి హైదరాబాద్ తీసుకెళ్ళి కొలిచాను. మజ్జిగనీ కొలిచాను. సున్నం బరువైనదే. అంటే రెండో సీసా బరువెక్కడానికి ఎముక కారణం కావచ్చు, సున్నం కావచ్చు. ఎముక కరుగుతూనే ఉండి, ఆ తేలికదనాన్ని సున్నం కప్పేసి ఉండొచ్చు కూడా. తిన్న సున్నంలో ఒంటికి పట్టింది ఎంతో, ఊరికే పోయింది ఎంతో ఎవరికి తెలుసు? మా సార్ లెక్కలన్నీ చూసి, "దీంతో నువ్వేమీ చెప్పలేవు పద్మా" అని పక్కన పెట్టేశారు. రాళ్ళ పని తరుముకొస్తోంది, ఇంకొక్క కొలతకి మించి మెషీన్ ఇవ్వలేనన్నారు. దారి ఒకటే కనిపించింది. కొన్ని వారాలు సున్నం ఆపి, మూడో సీసా తియ్యాలి.

అది చెప్పడానికి వెళ్తే కామేశ్వరమ్మ గారు అడ్డం పడ్డారు. "ఆపనంటే ఆపను. నువ్వే కదమ్మా ఎముక బావుందన్నావు? నా సున్నం వల్లే బావుందేమో. నీ పరీక్ష కోసం దాని నోటి దగ్గర మందు తీసేస్తానా? రేపు అది కుప్పకూలితే నువ్వొచ్చి లేపుతావా?" అన్నారు. ఆవిడన్నదాంట్లో తప్పేముంది? సున్నం కాల్షియమే కదా. ఆపితే నిజం తెలుస్తుంది, తెలిసేలోపు మనిషికి నష్టం జరగొచ్చు. ఆపకపోతే మనిషికి మేలేమో, మేలని ఎప్పటికీ తెలియదు. మేడం వైపు చూశాను, ఏదో ఒకటి ఆవిడే చెప్తారని.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. "పద్మా, ఆ బెల్టు ఇలా తీసుకురా" అన్నారు. నడుముకి కట్టుకునే పట్టీ అది, ఆవిడ లేచే రోజుకని డాక్టరు గారు ఇచ్చినది. ఆ రోజు ఇంకా రాలేదు. "మేడం, వద్దండి. పూస ఇంకా గట్టిపడలేదేమో" అన్నాను. "గట్టిపడిందేమో. నీకు తెలుసా? నాకు తెలుసా? మా అక్కకి తెలుసా? పడుకున్నా తెలియదు, లేచినా తెలియదు. తెలియకుండా పడుకోవడం మా అమ్మ చేసింది. నేను తెలియకుండా నడుస్తాను" అన్నారు. కామేశ్వరమ్మ గారు ఏడుపు లంకించుకున్నారు. ఆపడానికి నా దగ్గర రుజువు లేదు, సాయం చెయ్యడానికీ లేదు. బెల్టు కట్టాను. ఆవిడ పక్కకి దొర్లి, కాళ్ళు కిందికి దించి, నా భుజం పట్టుకుని లేచారు. ఆ వేళ్ళు నా భుజంలోకి దిగిన నొప్పి ఇప్పటికీ గుర్తే. గడప దాకా నడిచి, ద్వారబంధం పట్టుకుని, "ఎండ ఎలా కాస్తోందో చూడవే అక్కా" అన్నారు. కామేశ్వరమ్మ గారు కొంగుతో మొహం కప్పుకుని చూడలేదు.

ఆ తర్వాత మేడం ఏళ్ళపాటు నడిచారు. కొవ్వూరు రేవు దాకా వెళ్ళేవారు, పిల్లలకి ఇంటి దగ్గర పాఠాలు చెప్పేవారు. కానీ నడుం వంగిపోయింది. ఏటేటా కొంచెం పొట్టిగా కనిపించేవారు, కుచ్చిళ్ళు నేల మీద జీరాడేవి. తొందరపడి లేచింది కాబట్టే వంగిందని కామేశ్వరమ్మ గారు. లేవకపోతే మంచానే ఉండిపోయేవారని ఒక డాక్టరు గారు. ఎలాగైనా వంగేదేనని ఇంకొక డాక్టరు గారు. ఆవిడ లేచిన తర్వాత ఒక సీసా పట్టుకెళ్ళాను గాని, అప్పుడూ తాంబూలం మానలేదు. దాన్ని కొలవాలో వద్దో తేల్చుకోలేకపోయాను. ప్రయోగశాల ఫ్రిజ్‌లో ఉండి ఉండి, ఎవరో శుభ్రం చేస్తూ పారేశారు. మేడంకి చెప్తే, "పోనీలే, అదొక్కటే అందంగా రాలేదు" అన్నారు. నేను నవ్వలేదు. వంగిన వీపు చూస్తుంటే నవ్వు వచ్చేది కాదు.

ఆవిడ నిద్రలోనే పోయారు. మూడో రోజున అస్థికలు కొవ్వూరు రేవుకి తెచ్చారు. చిన్న మట్టికుండ, పైన గుడ్డ కట్టి ఉంది. వాళ్ళ అన్నగారబ్బాయి నీళ్ళలోకి దిగబోతుంటే, మెట్ల మీద కూర్చున్న కామేశ్వరమ్మ గారు నన్ను దగ్గరికి పిలిచారు. అప్పటికి ఆవిడకి చూపు సరిగ్గా లేదు. నా చెయ్యి తడుముకుని పట్టుకుని, "నీకు దాంట్లోంచి ఏమన్నా కావాలా అమ్మాయ్? దాని ఎముక కొలుస్తానన్నావుగా అప్పుడు. అడుగు, వాడేమీ అనడు" అన్నారు. నేను కుండ వైపు చూశాను. కాలిన ఎముక ముక్క ఒకటి తీసుకెళ్తే ఏం తెలుస్తుంది? ఆ నెలల్లో పోయిందో లేదో దాంట్లో రాసి ఉండదు. అది తెలిసి కూడా నా చెయ్యి కొంచెం ముందుకెళ్ళింది. "నా సున్నం దానికి మంచి చేసిందా, చెడు చేసిందా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పు" అన్నారావిడ. ఆవిడా ఇన్నేళ్ళూ ఇదే మోస్తున్నారని నాకప్పుడు తెలిసింది. మంచే చేసిందండీ అనెయ్యొచ్చు. ఎంతసేపు పని? కానీ మేడం కుండలో నాలుగడుగుల దూరంలో ఉన్నారు. "నాకు తెలియదండి" అన్నాను. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఇంకాస్త గట్టిగా పట్టుకుని, "నాకూ తెలియదే" అన్నారు. ఇద్దరం అలాగే కూర్చుని ఏడ్చాం. కుండ మునిగిపోయింది.

నర్సు నా పేరు పిలిచింది. పక్కావిడ ఇంకా నములుతూనే ఉంది. లోపల డాక్టరు గారు కుర్రవాడే, మంచివాడు. కాగితం చూసి, బిళ్ళలు రాసి, "ఏమేం తింటారండీ రోజూ?" అని అడిగాడు. అన్నం, పప్పు, కూర, పెరుగు చెప్పాను. రాసుకుని కలం మూత పెట్టబోయాడు.

"తాంబూలం కూడా వేసుకుంటానండి, రాత్రి భోజనమయ్యాక. సున్నంతో. ఉమ్మను" అన్నాను.

అతను నవ్వి, "అది తిండి కాదు కదండీ" అన్నాడు.

"రాసుకోండి" అన్నాను.

"మంచిదంటారా, చెడ్డదంటారా?"

"తెలియదండి. అందుకే రాసుకోమంటున్నాను."

అతను నా మొహంలోకి ఒకసారి చూసి, కలం మూత మళ్ళీ తీశాడు.